పాత కంప్యూటరు, సున్నా బడ్జెట్, డిపో రూట్లన్నీ మ్యాప్ మీద పెట్టమన్నారు: ఎక్కడ మొదలుపెట్టాలి?

తమ్ముడూ, నీ ప్రశ్న మిగతావాళ్ళకి కూడా తెలియాలని ముందు రెండు ముక్కల్లో చెప్పి తర్వాత జవాబులోకి వస్తా. నువ్వు నెల్లూరు జిల్లాలో ఒక ఆర్టీసీ డిపోలో ట్రాఫిక్ సెక్షన్లో ఉండావు, మెట్ట వైపు పల్లెవెలుగులు ఎక్కువ తిరిగే డిపో, సారేమో మన రూట్లన్నీ మ్యాప్ మీద కనపడాలి అన్నారు, సెక్షన్లో ఉండేది ఒక పాత కంప్యూటరు, నెట్టు అంటే నీ ఫోన్ హాట్‌స్పాటే, జీఐఎస్, అంటే కంప్యూటర్లో మ్యాపులు చేసే పని, ఏందో తెలిసినోళ్ళు ఎవరూ లేరు, డబ్బులు లేవు, ఇంకోపక్క ఒక ప్రైవేట్ కంపెనీ వాళ్ళు బస్సులు ఎక్కడున్నాయో తెర మీద చూపించే డాష్‌బోర్డ్ చేసిస్తాం అని వస్తా పోతా ఉండారు. ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి, ఎక్కడ మొదలుపెట్టాలి, ఆ కంపెనీ వాళ్ళకి ఒప్పుకోవచ్చా అని అడిగినావు.

నేను కూడా ట్రాఫిక్‌లో పనిచేసి తర్వాత చిన్న చిన్న రవాణా సంస్థలకి ఈ మ్యాపుల పని చేసిపెడతా వచ్చినోణ్ణి. సాఫ్ట్‌వేర్ గురించే అందరూ ముందు అడుగుతారు, అదేమో అన్నిటికంటే తేలిగ్గా తేలిపోయే సంగతి. క్యూజీఐఎస్ అని ఉచితంగా దొరుకుతుంది, 2002లో మొదలైంది, ప్రపంచమంతా వాడతా ఉండారు, ఒక డిపో రూట్లకి పెద్ద మిషనేం అక్కర్లా, నీ పాత కంప్యూటర్లోనే నడుస్తుంది. దించుకునేటప్పుడు కొత్తగా వచ్చింది కాకుండా లాంగ్ టర్మ్ వెర్షన్ అని ఉంటుంది చూడు, అది దించుకో, మాటిమాటికీ ఆగిపోకుండా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ కథ అంతే. అసలు తిప్పలంతా స్టాపుల లిస్టు కాడ ఉండాది.

దానికంటే ముందు సార్‌ని ఒక మాట అడుగు. మ్యాప్ చూసి ఏం తేల్చుకోవాలి అనుకుంటా ఉండారు? ఏ ఊళ్ళకి బస్సు అందడంలేదో చూడాలా, రన్నింగ్ టైం, అంటే ట్రిప్పుకి ఇచ్చే సమయం, చాలడంలేదని డ్రైవర్లు గొడవ చేస్తా ఉండారు కాబట్టి అది చూడాలా, డిపో నుంచి మొదటి ట్రిప్పు మొదలయ్యే ఊరి దాకా ఖాళీగా పోయే డెడ్ కిలోమీటర్లు తగ్గించాలా, లేక ప్రయాణికులకి ఫోన్లో టైమింగులు కనపడాలా. నాలుగూ కావాలి అంటారు, ఖాయంగా అంటారు, అప్పుడు నువ్వే ఒకటి పట్టుకుని మిగతావి తర్వాత సార్ అను. ఎందుకంటే ఒక్కోదానికి ఒక్కో రకం డేటా కావాల. ఊళ్ళకి బస్సు అందుతుందో లేదో చూడ్డానికి టైముల్లో నిమిషాల తేడా అక్కర్లా, స్టాపు ఎక్కడుందో కచ్చితంగా తెలిస్తే చాలు. రన్నింగ్ టైంకి అట్టా కుదరదు, ఒకే రూటు మీద పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం వేరే వేరే రోజుల్లో తీసిన రికార్డులు కావాల. ఏది పట్టుకున్నా స్టాపుల లిస్టు మాత్రం తప్పదు, అందుకే దాని గురించే ఎక్కువ చెప్తా.

నీ దగ్గర స్టాపుల లిస్టు ఉందనే అనుకుంటావు. టికెట్ మిషన్లో ఉంది కదా అంటావు. అవి స్టేజీలు తమ్ముడూ, ఛార్జీ లెక్క కోసం పెట్టినవి. ఒక స్టేజీకీ ఇంకో స్టేజీకీ నడుమ మూడు చోట్ల బస్సు ఆగుతుంది, అడ్డరోడ్డు కాడ, హైస్కూలు కాడ, రావిచెట్టు కాడ, అవేవీ మిషన్లో ఉండవు. కొన్ని స్టేజీలు పేరుకే ఉంటాయి, రోడ్డు మారిపోయి బస్సు ఆ ఊళ్ళోకి పోవడం మానేసినా పేరు అట్టానే ఉంటుంది. కాబట్టి మిషన్లో లిస్టు దించుకో, దాన్ని ఒక కాలమ్‌లో పెట్టు, కానీ అదే స్టాపుల లిస్టు అనుకోబాక.

పేర్ల సంగతి ఇంకా పెద్ద తలనొప్పి. నెల్లూరు టౌన్లో ఆత్మకూరు బస్టాండు ఉంది, ఆత్మకూరు ఊళ్ళో కూడా బస్టాండు ఉంది, మ్యాప్‌లో ఆత్మకూరు బస్టాండు అని కొడితే ఏది వస్తుందో దేవుడికే తెలియాల, పైగా నంద్యాల జిల్లాలో ఇంకో ఆత్మకూరు, అనంతపురం వైపు ఇంకోటి. మద్రాసు బస్టాండు నెల్లూరులోనే ఉంది కదా, కొత్తగా వచ్చినోడికి ఎట్టా తెలుస్తుంది. మన కోవూరు ఇంగ్లీషులో రాసేసరికి గోదావరి పక్క కొవ్వూరుతో కలిసిపోతుంది. గూడూరు ఒకటా, తోటపల్లి గూడూరు ఉంది, కర్నూలు పక్క గూడూరు ఉంది, కృష్ణా జిల్లాలో గూడూరు ఉంది. కొత్తపాలేలు, కొత్తపల్లెలు సరేసరి, మండలానికొకటి తగుల్తాయి. అందుకని ప్రతి స్టాపుకీ ఒక నంబరు ఇచ్చెయ్, అర్థం పర్థం లేని నంబరు, 1001, 1002 అట్టా. దాంట్లో మండలం కోడు, జిల్లా కోడు ఇరికించొద్దు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు ఏమైంది చూసినావు కదా, కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరుకి వచ్చింది, గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి తిరుపతి జిల్లాలోకి పోయాయి, ఆ తర్వాత కూడా మార్పులు ఆగలా. జిల్లా పేరు నంబర్లో పెట్టుకున్నోళ్ళు అంతా మళ్ళీ తిరగరాసుకోవాల్సి వచ్చేది. నంబరు స్టాపుది, జిల్లా వేరే కాలమ్.

ఇంకో ముఖ్యమైన సంగతి, పోయే వైపు వచ్చే వైపు రెండు స్టాపులు, రెండు నంబర్లు, పక్కపక్కనే ఉన్నా సరే. పల్లెటూరి సింగిల్ రోడ్డు మీద ఇదంతా ఎందుకు అనిపిస్తుంది, అక్కడ ఒకటి పెట్టినా పెద్దగా నష్టం లేదు. కానీ 16వ నంబరు హైవే మీద, కావలి నుంచి నెల్లూరు దాకా చూడు, ఫ్లైఓవరు కింద సర్వీస్ రోడ్డులో ఒక వైపు స్టాపు ఉంటుంది, రెండో వైపుది అండర్‌పాస్ దాటి అవతల ఎక్కడో ఉంటుంది, ముసలావిడ సంచి పట్టుకుని అటు పోవాలంటే మ్యాప్‌లో కనపడే 40 మీటర్లు కాదు, చుట్టు తిరిగి పోవాల. ఎక్స్‌ప్రెస్సులు ఫ్లైఓవరు ఎక్కిపోతాయా కింద సర్వీస్ రోడ్డులోకి దిగుతాయా అనేది కూడా రాసుకో, దాని మీద ఊళ్ళోవాళ్ళతో డిపోకి ఎప్పుడూ పంచాయితీనే.

ఎక్సెల్‌లో కాలమ్‌లు ఎక్కువ పెట్టొద్దు, పెడితే నింపేవాడు ఉండడు. నంబరు, తెలుగు పేరు, ఇంగ్లీషు పేరు, జనం పిలిచే పేరు, టికెట్ మిషన్ స్టేజి కోడు, అక్షాంశం, రేఖాంశం, ఏ వైపు పోయే బస్సుకి, షెల్టర్ ఉందా లేదా, ఎవరు చూశారు, ఏ తేదీన చూశారు. చివరి రెండు కాలమ్‌లు అందరూ వదిలేస్తారు, అవే ఏడాది తర్వాత నిన్ను కాపాడేవి, ఎందుకంటే అప్పటికి సగం స్టాపుల మీద ఇది నిజమేనా అని అనుమానం వస్తుంది, తేదీ ఉంటే పాతవాటిని మాత్రమే మళ్ళీ చూసుకోవచ్చు. జనం పిలిచే పేరు కాలమ్ కూడా తీసెయ్యబాక. ప్రభుత్వ కాయితాల్లో ఉండే పేరు ఒకటి, కండక్టరు అరిచేది ఇంకోటి, ప్రయాణికుడికి తెలిసేది రెండోదే.

తెలుగు పేర్లు టైప్ చేసేటప్పుడు ఒక గండం ఉంది. మన ఆఫీసుల్లో ఇప్పటికీ చాలామంది అను ఫాంట్లలో కొడతారు. అది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లలో ఒకేలా కనపడే అక్షరాల పద్ధతి) కాదు, ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్లోనే తెలుగులాగ కనపడుతుంది, మ్యాప్‌లోకి ఎక్కించగానే పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వస్తాయి. పాత లిస్టులు అను ఫాంట్లలో ఉంటే కన్వర్టర్లు దొరుకుతాయి, మార్చినాక ఒత్తులు ఒకసారి కంటితో చూసుకో. యూనికోడ్‌లో కొట్టినా ఎక్సెల్ నుంచి సీఎస్వీగా (కామాలతో విడదీసిన ఉత్త టెక్స్ట్ ఫైలుగా) సేవ్ చేసేటప్పుడు సీఎస్వీ యూటీఎఫ్-8 అనే ఆప్షనే ఎంచుకోవాల, మామూలు సీఎస్వీ అని నొక్కితే తెలుగంతా ప్రశ్న గుర్తులైపోతుంది. ఇది చిన్న సంగతే, కానీ ఇక్కడే చాలామంది మ్యాప్‌లో తెలుగు రాదంట అని చెప్పి ఇంగ్లీషులో సర్దుకుంటారు. వస్తుంది, బ్రహ్మాండంగా వస్తుంది.

ఇప్పుడు స్టాపుల పాయింట్లు, అంటే వాటి అక్షాంశం, రేఖాంశం తియ్యడం. మామూలు స్మార్ట్ ఫోన్ చాలు, ఆకాశం బాగా కనపడే చోట అయిదు మీటర్ల అటూఇటూగా చూపిస్తుంది, బస్ స్టాపుకి అంతకంటే ఏం కావాల. షెల్టర్ రేకు కింద నిలబడి తియ్యొద్దు, బయటకొచ్చి ఒక అర నిమిషం ఆగి తీసుకో. అంకెల్లో చుక్క తర్వాత అయిదు స్థానాలు ఉంచు, అయిదో స్థానం అంటే దగ్గర దగ్గర ఒక మీటరు, రెండు స్థానాలే రాసుకుంటే కిలోమీటరు తేడా వచ్చేస్తుంది. ఎవరో ఒకరు ఎక్సెల్‌లో పొందికగా ఉండాలని రౌండ్ చేసేస్తారు, కనిపెట్టుకుని ఉండు.

సిగ్నల్ లేని చోట ఎట్టా అని అడుగుతారు మనోళ్ళు. సీతారామపురం, ఉదయగిరి కొండల పక్కన, అటు గిద్దలూరు దాటి నంద్యాల పోయే నల్లమల అడవి రోడ్డులో సిగ్నల్ ఉండదు నిజమే, కానీ జీపీఎస్‌కి సిమ్‌తో పని లేదు, అది ఉపగ్రహాల నుంచి వస్తుంది. సిగ్నల్ లేకపోతే వెనకాల మ్యాప్ బొమ్మ రాదు, అంతే, దానికి ముందే ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకోవాల. ఓఎస్ఎంఅండ్ యాప్‌లో అయితే ఆఫ్‌లైన్ మ్యాపూ ఉంటుంది, పోయిన దారి రికార్డు చేసే సౌకర్యమూ ఉంటుంది. ఒకటి చూసుకో, తక్కువ రేటు ఫోన్లలో బ్యాటరీ ఆదా చెయ్యాలని ఫోనే వెనకాల నడిచే యాప్‌ని చంపేస్తుంది, సెట్టింగ్స్‌లోకి పోయి ఈ ఒక్క యాప్‌కి ఆ ఆంక్ష తీసెయ్, లేకపోతే నీ రూటు వింజమూరు కాడ ఆగిపోయి ఉంటుంది, బస్సు మాత్రం ఉదయగిరి చేరి ఉంటుంది.

ఈ పని కండక్టర్లకి అప్పజెప్పొద్దు. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి కింద ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం మొదలైన కాణ్ణుంచి పల్లెవెలుగులో కండక్టరు పరిస్థితి నీకు నేను చెప్పాలా, ఆధార్ చూడాల, జీరో టికెట్ కొట్టాల, చిల్లర ఇవ్వాల, ఇంకా స్టాపు వచ్చినప్పుడల్లా ఫోన్ నొక్కమంటే తిడతాడు, న్యాయమే. ఒక మనిషి విడిగా ఎక్కాల. డ్రైవరు వెనక సీట్లో కూచుని రికార్డు ఆన్ చేసి, ఆగిన ప్రతిచోటా ఒక గుర్తు పెట్టి పేరు వాయిస్‌లో చెప్పుకుంటా పోతే చాలు, టైప్ చెయ్యడం ఇంటికొచ్చినాక. గుర్తు పెట్టడం మర్చిపోయినా బస్సు ఆగిన చోట చుక్కలు గుంపుగా పడి ఉంటాయి, గీత చూస్తే తెలిసిపోతుంది. ఎవరు ఎక్కాలి అంటే లైట్ డ్యూటీలో ఉన్న సీనియర్ కండక్టర్‌ని అడిగి చూడు, ఆయనకి ప్రతి ఊరూ తెలుసు, ఏ స్టాపుకి ఏ పేరో నీకు పది ఫైళ్ళు చదివినా రాని సమాచారం ఆయన నోట్లో ఉంటుంది.

ఇంకా బస్సులో ఇప్పటికే జీపీఎస్ ఉందేమో కూడా కనుక్కో. 2019 జనవరి 1 నుంచి కొత్తగా రిజిస్టర్ అయ్యే ప్రజా రవాణా వాహనాలకి ఏఐఎస్ 140 అనే వాహనాల ప్రమాణం ప్రకారం లొకేషన్ పరికరం, పానిక్ బటన్ తప్పనిసరి చేశారు, ఆర్టీసీకి లైవ్ ట్రాక్ యాప్ కూడా ఉంది. అంటే ఆ రికార్డు ఎక్కడో ఒక సర్వర్‌లో పడి ఉంటుంది. మీ డిపో బండ్లవి ఒక నెల రికార్డు ఇమ్మని సార్ సంతకంతో పైకి రాయించు, వస్తే నీ ఎండ తిరుగుడు సగం తగ్గుతుంది. రాకపోతే ఫోన్ ఉండనే ఉంది.

డేటా వచ్చినాక క్యూజీఐఎస్‌లో ఎక్కించేటప్పుడు ఎక్స్ అంటే రేఖాంశం, వై అంటే అక్షాంశం. నెల్లూరు అంటే ఉత్తరం 14.44, తూర్పు 79.99. ఇవి రెండూ తారుమారు చేస్తే నీ బస్టాండు పోయి ఉత్తర ధ్రువం పక్కన నార్వే వాళ్ళ స్వాల్‌బార్డ్ దీవుల కాడ సముద్రంలో పడుతుంది, నిజంగానే, చూడు కావాలంటే. ఒకటో రెండో తారుమారైతే వెంటనే కనపడదు, అందుకే ఎక్కించగానే జూమ్ టు లేయర్ (లేయర్ అంటే నువ్వు ఎక్కించిన చుక్కల పొర) నొక్కి చూడు, జిల్లా కాకుండా సగం భూగోళం కనపడిందంటే ఎక్కడో తేడా ఉన్నట్టే.

ఇంకొకటి, ఫోన్ నుంచి వచ్చిన అంకెలు డిగ్రీల్లో ఉంటాయి. స్టాపు చుట్టూ 500 మీటర్ల వలయం గీద్దామని బఫర్‌లో 500 కొడితే అది 500 డిగ్రీలు అనుకుంటుంది. ముందు లేయర్‌ని మీటర్లలోకి మార్చుకోవాల, మన నెల్లూరు, ప్రకాశం రెండూ మీటర్లలో కొలిచే యూటీఎం అనే పద్ధతిలో 44 ఉత్తర జోన్‌లోకి వస్తాయి, దాని కోడు ఈపీఎస్‌జీ 32644 అని వెతికితే దొరుకుతుంది. ఆ నంబరు గోడ మీద రాసి పెట్టుకో.

ఊళ్ళు ఎక్కడి నుంచి తేవాలి అంటే 2011 జనాభా లెక్కల్లో రెవెన్యూ గ్రామాల జనాభా ఉంది, ఊళ్ళ పాయింట్లు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో, అంటే జనమే కలిసి గీసుకునే ఉచిత మ్యాప్‌లో, చాలావరకు దొరుకుతాయి. ఇక్కడ జాగ్రత్త, మెట్టలో ఒక రెవెన్యూ గ్రామం కింద నాలుగైదు పల్లెలు ఉంటాయి, పేరున్న ఊరు రోడ్డు మీద ఉంటుంది, జనం సగం లోపల ఎస్సీ కాలనీలోనో, ఎస్టీ కాలనీలోనో, కొండకింద పల్లెలోనో ఉంటారు. గ్రామం సరిహద్దుకి నట్టనడుమ కంప్యూటర్ పెట్టే చుక్క చెరువులో పడినా ఆశ్చర్యం లేదు. ఆ చుక్కని బట్టి ఈ ఊరికి బస్సు ఉంది అని రిపోర్టు రాస్తే, లోపల పల్లెలోవాళ్ళు రేపు గ్రీవెన్స్‌కి వచ్చి నిలబడతారు. అందుకని పల్లెలవారీగా చుక్కలు పెట్టు, శాటిలైట్ ఫోటోలో ఇళ్ళు కనపడతాయి కదా. కనపడని పేర్లు సచివాలయం వాళ్ళని అడుగు.

వలయం గీసి లోపల ఉన్నోళ్ళందరికీ బస్సు అందుతుంది అనుకోవడం కూడా మన వైపు కుదరదు. పెన్నకి ఈ ఒడ్డున ఒక ఊరు, ఆ ఒడ్డున బస్సు రోడ్డు, గీత గీస్తే కిలోమీటరు, నడిచి పొయ్యేది ఎట్టా, వంతెన ఉండేచోటికి పోవాల. 2022 సెప్టెంబరులో సంగం బ్యారేజీ, నెల్లూరు బ్యారేజీ రెండూ తెరిచినారు, వాటి మీద రోడ్డు వచ్చింది, దాంతో కొన్ని ఊళ్ళకి దూరం ఒక్కసారిగా తగ్గింది, అంతకుముందు గీసిన మ్యాప్ ఏదైనా ఆ ఊళ్ళ విషయంలో ఇప్పుడు పనికిరాదు. కాబట్టి వలయం బదులు రోడ్డు మీద నడిచే దూరం లెక్క వెయ్యాల. ఓపెన్‌రూట్‌సర్వీస్ అని జర్మనీలో హైడల్‌బర్గ్ వాళ్ళది ఉంది, క్యూజీఐఎస్‌కి తగిలించుకునే దాని ప్లగిన్ ఉచితమే, రోజుకి ఇన్నిసార్లు అని పరిమితి ఉంటుంది, ఒక డిపోకి అది సరిపోతుంది. అది వెనకాల వాడేది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ రోడ్లే, మీ పల్లె రోడ్డు అందులో లేకపోతే దారి లేదనే అనుకుంటుంది, అప్పుడు ఆ రోడ్డు నువ్వే ఎక్కించాల.

ఎక్కించేటప్పుడు గూగుల్ మ్యాప్ చూసి గీయొద్దు, లైసెన్సు ఒప్పుకోదు, తీసేస్తారు. నువ్వు తీసిన జీపీఎస్ గీత, లేదంటే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఎడిటర్‌లోనే వచ్చే బింగ్ శాటిలైట్ ఫోటో, ఈ రెండింటి మీద గీసుకో. తెలుగు పేరు పెట్టడానికి విడిగా చోటు ఉంటుంది, అది వదలబాక. స్టాపులు పెట్టేటప్పుడు అక్కడ నిజంగా బస్సు ఆగేచోటే పెట్టు, మంజూరైంది ఇంకా కట్టలేదు అనేవి నీ ఎక్సెల్‌లోనే ఉంచుకో. ఇట్టా ఎక్కించినదాన్ని ఊళ్ళో చదువుకునే పిల్లోళ్ళు కూడా సరిచేస్తారు, కావలిలో, ఒంగోలులో ఇంజనీరింగ్ కాలేజీలు ఉండాయి కదా, ఎన్ఎస్ఎస్ పిల్లల్ని అడిగితే ఒక ఆదివారం పని.

టికెట్ డేటా సంగతికొస్తా. జీరో టికెట్ అయినా ఎక్కిన స్టేజీ, దిగే స్టేజీ మిషన్‌లో పడతాయి కాబట్టి ఏ స్టేజీ నుంచి ఏ స్టేజీకి ఎంతమంది పోతా ఉండారో మ్యాప్ మీద సన్న గీత లావు గీతగా చూపించొచ్చు, సార్లకి ఈ బొమ్మ ఎక్కడలేని ఇష్టం. చూపించే ముందు రెండు గుర్తుపెట్టుకో. చాలాచోట్ల స్టూడెంట్ పాసులకి ట్రిప్పు ట్రిప్పుకీ టికెట్ కొట్టరు, కాబట్టి పొద్దున ఎనిమిదింటి బస్సు పిల్లోళ్ళతో కిటకిటలాడతా ఉన్నా నీ మ్యాప్‌లో సన్న గీతే వస్తుంది, అది చూసి ఎవరైనా ఓఆర్ (సీట్లు నిండే శాతం) లేదు ట్రిప్పు తీసెయ్ అన్నారంటే పాపం మూటగట్టుకున్నట్టే. రెండోది, రద్దీలో కండక్టరు స్టేజీ మార్చే బటన్ ఆలస్యంగా నొక్కుతాడు, అందుకని మిషన్‌లో టైముని బట్టి రన్నింగ్ టైం లెక్క వెయ్యొద్దు. దానికి జీపీఎస్ గీతే కావాల, అది కూడా వాన పడిన రోజు ఒకటి ఉండాల, నెల్లూరులో మాగుంట లేఅవుట్ అండర్‌బ్రిడ్జి కింద నీళ్ళు నిలబడిన రోజు టైమూ మామూలు రోజు టైమూ ఒకటి కావు.

ఇక ప్రయాణికుల ఫోన్లో టైమింగులు కనపడాలంటే జీటీఎఫ్‌ఎస్ అనే పద్ధతిలో పెట్టాల. 2005లో అమెరికాలో పోర్ట్‌లాండ్ బస్సుల సంస్థ, గూగుల్ కలిసి మొదలుపెట్టినది, ఇప్పుడు ప్రపంచమంతా అదే. పేరుకి భయపడొద్దు, ఉత్త టెక్స్ట్ ఫైళ్ళు కొన్ని జిప్ చెయ్యడమే. సంస్థ, స్టాపులు, రూట్లు, ట్రిప్పులు, ఏ స్టాపు ఏ టైము, ఏ రోజుల్లో నడుస్తుంది, ఇవే. నువ్వు ముందు చేసుకున్న స్టాపుల ఎక్సెల్ దాదాపు అట్టానే అందులోకి పోతుంది, నంబర్లు ఎందుకు పెట్టమన్నానో అక్కడ తెలుస్తుంది.

డిపో షెడ్యూల్‌లో మొదటి స్టాపు, చివరి స్టాపు, మధ్యలో ఒకటో రెండో పెద్ద ఊళ్ళ టైములే ఉంటాయి. మిగతావి ఖాళీగా వదిలెయ్, పద్ధతి ఒప్పుకుంటుంది, యాప్ నడుమ టైములు అదే అంచనా వేసుకుంటుంది. నువ్వు కూచుని ప్రతి రావిచెట్టుకీ 7:13, 7:16 అని కనిపెట్టి రాశావంటే జనం దాన్ని నమ్మి 7:15కి వస్తారు, బస్సు పోయి ఉంటుంది. రాత్రి పన్నెండు దాటే ట్రిప్పుకి 25:10 అని రాయాల, అంటే ఆ సర్వీస్ రోజుదే, తెల్లారి ఒంటిగంట పది. ఎక్సెల్ దాన్ని సొంత తెలివితో 1:10 చేసేస్తుంది, ఆ కాలమ్‌ని టెక్స్ట్ అని ముందే పెట్టుకో. నైట్ హాల్ట్ బండ్లకి సాయంత్రం ఊరికి పొయ్యే ట్రిప్పు ఒకటి, తెల్లారి డిపో వైపు వచ్చేది ఇంకోటి, రెండూ వేరే రోజులవి, కలిపి ఒకటే చెయ్యొద్దు.

వారపు సంత రోజు మాత్రమే నడిచే ట్రిప్పులు, బడి ఉన్న రోజులే నడిచేవి, ఇవన్నీ విడివిడి క్యాలెండర్లుగా పెట్టుకోవాల. రొట్టెల పండగప్పుడు బారాషహీద్ దర్గాకి, బ్రహ్మోత్సవాలప్పుడు పెంచలకోనకి వేసే స్పెషల్స్‌ని అందులో పెట్టాలని తంటాలు పడొద్దు, అవి రద్దీని బట్టి వదిలే బండ్లు, టైముండదు, వాట్సాప్‌లో ఒక బొమ్మ పెట్టడమే మేలు. ఫైళ్ళు తయారైనాక మొబిలిటీడేటా అనే సంస్థ వాళ్ళ వాలిడేటర్, తప్పులు పట్టే సాధనం, ఉచితంగా ఉంది, అందులో వేసి చూడు, తప్పులన్నీ లైన్ నంబరుతో చెప్తుంది. గూగుల్‌కి పంపడం మాత్రం డిపో చేతిలో పని కాదు, సంస్థ తరఫున పైనుంచే జరగాల. 2020 జనవరి 1 నుంచి మీరంతా ప్రజా రవాణా శాఖ ఉద్యోగులు కూడా, లిఖితపూర్వకంగా అనుమతి లేకుండా టైమింగులు సొంతంగా బయట పెట్టి ఇబ్బంది తెచ్చుకోబాక. ఢిల్లీ, కొచ్చి మెట్రో 2018లోనే ఇట్టాంటి డేటా బహిరంగంగా పెట్టేశాయి, ఫైల్లో అది ఉదహరిస్తే పైవాళ్ళకి ధైర్యంగా ఉంటుంది.

లిస్టు తయారైనాక దాన్ని బతికించడం ఎట్టా అనేది ఎవరూ అడగరు, నువ్వూ అడగలా. ఒక్క ఫైలే అసలుది అని తేల్చి, దాంట్లో రాసేది ఒక్కడే అని పెట్టుకో, మిగతావాళ్ళంతా చెప్పేవాళ్ళు. వాట్సాప్ గ్రూపులో ఫైనల్, ఫైనల్ 2, కొత్త ఫైనల్ అని తిరగడం మొదలైందంటే పని పోయినట్టే. చెప్పేవాళ్ళ కోసం ఏ3 కాయితం మీద రూటు మ్యాప్ ప్రింట్ తీసి బస్టాండులో కంట్రోలర్ బల్ల మీద పెట్టు, ఎర్ర పెన్ను దారంతో కట్టెయ్, లేకపోతే పెన్ను పోతుంది. డ్రైవర్లు టీ తాగేసి వచ్చి చూస్తారు, ఇది ఈడ కాదబ్బా ఆడ ఉండాల అని గీస్తారు, వారానికొకసారి ఆ గీతలు చూసి ఫైల్లో మార్చుకుని కొత్త ప్రింట్ పెట్టు. నేను చూసిన ఏ యాప్ కంటే, ఏ ఫీడ్‌బ్యాక్ ఫారం కంటే ఇది బాగా పనిచేసింది. డ్రైవర్‌కి మ్యాప్ రాదు అని కొందరు ఆఫీసర్లు అంటారు, వాళ్ళ మాట పట్టించుకోబాక.

ముందు ఒక్క రూటు చెయ్. నెల్లూరు నుంచి బుచ్చిరెడ్డిపాళెం, సంగం మీదుగా ఆత్మకూరు లైను మంచిది, ఊళ్ళు దగ్గర దగ్గర, బస్సులు ఎక్కువ, తప్పు ఉంటే తొందరగా బయటపడుతుంది. ఉదయగిరి లైను తర్వాత పెట్టుకో.

ఆ డాష్‌బోర్డ్ కంపెనీ సంగతి. నేను వద్దనను, లైవ్‌లో బస్సు ఎక్కడుందో చూపించడం డిపోలో కూచుని మనం చెయ్యలేని పని. కానీ వచ్చినోళ్ళని అడగాల్సినవి ఉండాయి. స్టాపుల లిస్టు ఎవరు చేస్తారు అని అడుగు, మీరే ఇవ్వాలి సార్ అంటారు, అంటే అసలు పని నీదే, వాళ్ళ రేటు దానికి తగ్గట్టు తగ్గాల. జీపీఎస్ రికార్డు మొత్తం, రోజువారీగా, సీఎస్వీలో మాకు ఇస్తారా, కాంట్రాక్ట్ అయిపోయినాక కూడా అది మాదేనా, స్టాపులూ టైములూ జీటీఎఫ్‌ఎస్‌లో బయటికి తీసుకునే బటన్ ఉందా. డెమోలో అన్నిటికీ అవును అంటారు, ఒప్పంద పత్రంలో రాసివ్వమను. డ్రైవర్ పేరుతో, ఫోన్ నంబరుతో లొకేషన్ కలిపి దాచుకుంటామంటే ఒప్పుకోవద్దు, బండి నంబరు చాలు, 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, రేపు ఎవరైనా అడిగితే సంతకం పెట్టిన సార్ జవాబు చెప్పాల. ఒక డిపోకి ఒక నెల ట్రయల్ ఉచితంగా నడపమను, ఆ నెలలో వాళ్ళు చూపించిన టైమూ, మీ కంట్రోలర్ రిజిస్టర్‌లో రాసిన టైమూ పక్కపక్కన పెట్టి చూసి అప్పుడు ఫైల్ పైకి పంపు.